ఆ రెండు గంటలూ ముందు అడిగి తీసుకోండి

ప్రశ్న: నా వయసు 30. మాది తెనాలి. బీకాం చదివాను. పెళ్లికి ముందు మూడేళ్లు ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు చేశాను. 2020లో పెళ్లయ్యాక మానేశాను. బాబుకు నాలుగేళ్లు, పాపకు ఏడాదిన్నర. మావారిది ప్రైవేటు ఉద్యోగం. అద్దె, బాబు ఫీజు, పాలు, మందులు పోను నెలాఖరుకి ఏమీ మిగలదు. చిన్న చిన్న వాటికి కూడా ఆయన్ని అడగాలంటే మనసు చిన్నబోతోంది. ఇంట్లోంచే ఏదైనా చేద్దామని ఫోన్‌లో చూసి ఒక డేటా ఎంట్రీ పనిలో చేరాను. రిజిస్ట్రేషన్ అని 3,500 కట్టించుకున్నారు. తర్వాత ‘మీ పనిలో తప్పులు ఎక్కువ, అగ్రిమెంటు ప్రకారం జరిమానా కట్టాలి’ అని ఇంకో 9,000 తీసుకున్నారు. అది పాప పుట్టినప్పుడు మా అమ్మ నా చేతిలో పెట్టిన డబ్బు. ఇప్పుడు కోర్టు నోటీసని వాట్సాప్‌లో పంపి మరో 15,000 అడుగుతున్నారు. మావారికి చెప్పలేదు. నిద్ర పట్టడం లేదు. గాజులు కుదువ పెట్టి ఆ డబ్బు కట్టేసి, మిగిలినదాంతో పచ్చళ్లో, మగ్గం వర్కో మొదలుపెడదామనుకుంటున్నాను. ఏది మంచిది?

జవాబు: అమ్మా, గాజులు తీయకండి. ఆ 15,000 కట్టకండి. మిగతా జవాబు తర్వాత చదవొచ్చు, ముందు 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల మీద ఫిర్యాదుకు దేశమంతటికీ అదే నంబరు. డబ్బు పంపిన తేదీలు, యూపీఐ లావాదేవీ నంబర్లు, వాళ్ల ఫోన్ నంబర్లు, ఆ నోటీసు స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని మాట్లాడండి. మీ బ్యాంకులో కూడా రాసివ్వండి. డబ్బు పంపిన గంటల్లోనే చెబితే అవతలి ఖాతాలో దాన్ని ఆపే వీలు ఎక్కువ. మీకు ఆ సమయం దాటిపోయింది కాబట్టి 12,500 తిరిగొస్తుందని మీకు ఆశ పెట్టలేను. కానీ రేపు వాళ్లు మళ్లీ బెదిరిస్తే ‘నేను ఫిర్యాదు చేశాను, నంబరు ఇదిగో’ అనడానికి మీ దగ్గర ఒక కాగితం ఉంటుంది.

వాళ్ల పద్ధతి ఇలాగే ఉంటుంది. ముందు ఫీజు, తర్వాత ఎవరూ పూర్తి చేయలేనంత పని. ఎంత బాగా చేసినా తప్పులు ఉన్నాయంటారు. ఆ అగ్రిమెంటు రాయించుకునేదే భయపెట్టడానికి. డబ్బు పంపితే కేసు తీసేస్తామని ఏ కోర్టూ వాట్సాప్‌లో అడగదు. ఇంకా భయంగా ఉంటే 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవా కమిటీకి వెళ్లి ఆ నోటీసు చూపించండి. ఒక లాయరు నోటితో ‘ఇందులో ఏమీ లేదమ్మా’ అన్న మాట వింటే ఆ రాత్రి మీకు నిద్ర పడుతుంది.

ఇక మీవారి సంగతి. ఈ రోజే చెప్పండి. ‘చదువుకున్నదాన్ని, ఎలా మోసపోయాను’ అన్న సిగ్గు మిమ్మల్ని ఆపుతోందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. బ్యాంకులో పని చేసేవాళ్లు కూడా ఇలాంటి వాటిలో డబ్బు పోగొట్టుకుని నా ఎదుట కూర్చుని ఏడ్చారు. మోసగాళ్లకు కావలసింది మీ తెలివితక్కువతనం అనుకుంటున్నారేమో. వాళ్లకు కావలసింది మీ రహస్యం. ఇంట్లో తెలియకూడదని మీరు అనుకున్నంత కాలమే వాళ్లు మిమ్మల్ని అడగగలరు. పిల్లలు పడుకున్నాక, ఆయన అన్నం తిన్నాక, చుట్టూ తిప్పకుండా చెప్పండి: ‘ఇంటికి ఆసరాగా ఉందామని ఒక పనిలో చేరాను. మోసం చేశారు. 12,500 పోయింది. ఇంకా అడుగుతున్నారు, నేను ఇవ్వను. 1930కి చెప్పాను. మీరు నాకు తోడుండాలి.’ ఆయన కోప్పడొచ్చు. పడనివ్వండి. రెండు రోజులకి తగ్గే కోపం అది. మూడు నెలల తర్వాత గాజులు లేవని తెలిసి వచ్చే కోపం అలా తగ్గదు.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్న. పచ్చళ్లా, మగ్గమా?

పచ్చళ్లకు ముందే పెట్టుబడి కావాలి. ఆవకాయ వేసవిలో పెట్టాలి. కాయ, నూనె, కారం, డబ్బాలు అన్నిటికీ డబ్బు ఒక్కసారే పోతుంది, తిరిగొచ్చేది ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా. మన వైపు పచ్చడి పెట్టని ఇల్లు ఏది? కొనేవాళ్లను మీరే వెతుక్కోవాలి. తినే వస్తువు ఏది అమ్మినా, ఇంట్లో చేసినదైనా సరే, ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. చిన్న వ్యాపారానికి ఏడాదికి 100 రూపాయల ఫీజే, ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు కాబట్టి అది పెద్ద అడ్డంకి కాదు. అడ్డంకి పెట్టుబడి. మీ చేతి కంది పొడి బాగుంటుందని ఇప్పటికే ఎవరైనా అడుగుతుంటే రెండు కిలోలు చేసి ఇవ్వండి. ధర వేసేటప్పుడు పప్పు, గ్యాస్, ప్యాకింగ్‌తో పాటు మీరు పొయ్యి దగ్గర నిలబడ్డ సమయానికి కూడా లెక్క కట్టండి. చాలామంది ఆడవాళ్లు అది వదిలేసి, లాభం వచ్చిందనుకుంటూ ఉచితంగా పని చేస్తుంటారు. అయితే ఇది పక్కన నడిచే పని. మీ ప్రధానమైన పని వేరే ఉంది, చెబుతాను.

మగ్గం ఇప్పుడు వద్దు. ఏడాదిన్నర పిల్ల తిరిగే ఇంట్లో సూదులు, పూసలు, కుందన్లు పరుచుకుని కూర్చోలేరు. ఒక్క బ్లౌజుకే గంటల కొద్దీ వంగి కూర్చోవాలి. పాప బడికి వెళ్లాక కూడా మీకు ఇష్టం ఉంటే, బ్యాంకులు జిల్లాల్లో నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు కుట్టు, ఎంబ్రాయిడరీ, బ్యూటీషియన్ పనులు ఉచితంగా నేర్పుతాయి, భోజనం కూడా పెడతాయి. ఆ పేరులో గ్రామీణ అని ఉంది కాబట్టి పట్టణంలో ఉన్న మీకు సీటు ఇస్తారో లేదో ముందే అడిగి వెళ్లండి. ఇంకొకటి, ఎవరైనా ‘మెషీన్ కొనుక్కోండి, మీరు చేసిన వత్తులు మేమే తిరిగి కొంటాం’ అంటే ఆ గడప కూడా తొక్కకండి. మెషీన్ అమ్ముడుపోగానే కొనేవాడు కనిపించడు. పని ఇచ్చేవాడు మీకు డబ్బు ఇవ్వాలి. మిమ్మల్నే ముందు డబ్బు అడిగాడంటే అక్కడ పని లేదని అర్థం.

అమ్మా, మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన విషయం దగ్గరే నేను ఆగిపోయాను. మూడేళ్లు టాలీ ఎంట్రీలు చేశారు. చేతిలో ఉన్న పనిని వదిలి, తెలియని పనికోసం గాజులు తీయబోతున్నారు.

తెనాలిలో ఎన్ని షాపులున్నాయో మీకు నాకంటే బాగా తెలుసు. జీఎస్టీ ఉన్న ప్రతి షాపూ కొనుగోలు బిల్లులు, అమ్మకాల బిల్లులు ఎవరితోనో ఎక్కించుకోవాలి. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్ 1 గడువు 11వ తేదీ, పన్ను లెక్క చూపే 3బీ గడువు 20వ తేదీ. మూడు నెలలకోసారి వేసే చిన్న వ్యాపారులకు ఆంధ్ర, తెలంగాణల్లో 13, 22 తేదీలు. ఆ రోజుల్లో ట్యాక్స్ కన్సల్టెంట్ల ఆఫీసుల్లో బిల్లుల సంచులు గుట్టలుగా పడి ఉంటాయి. మీరు అది చూసినవారే. అందులో కొన్ని సంచులు మీ ఇంటికి వస్తే? పాప ఏడిస్తే ఫైలు సేవ్ చేసి లేవొచ్చు. సరుకు పాడవదు. పెట్టుబడి ఒక మామూలు లాప్‌టాప్. అది లేకపోతే పుట్టింట్లో, చుట్టాల్లో పాతది ఉందేమో అడగండి, అప్పు చేసి కొత్తది కొనొద్దు.

ఐదారేళ్లు గ్యాప్ వచ్చింది, ఇప్పుడు చేయగలనా అన్న భయం వస్తుంది. మీరు వదిలేసిన తర్వాత మారినవి రెండు ముఖ్యం. టాలీ ఈఆర్‌పీ 9 స్థానంలో టాలీ ప్రైమ్ వచ్చింది, ఎంట్రీ వేసే తీరు పాతదే, స్క్రీన్ మారింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు తీసేసి ఎక్కువ వస్తువులను 5, 18 శాతాల్లోకి తెచ్చారు. ఆ రెండూ ఒక నెలలో పట్టుబడతాయి. మీ పాత ఆఫీసుకే ఫోన్ చేయండి. ‘నాలుగు షాపుల బిల్లులు ఇంటి దగ్గర ఎక్కించి ఇస్తాను, తప్పులు ఉంటే మొదటి నెల మీరు చూసి చెప్పండి’ అనండి. ఒక్కో షాపుకు ఇంత అని ముందే మాట్లాడుకోండి. ఎంట్రీ వరకే మీ పని. ఎంత పన్ను కట్టాలో చెప్పడం, రిటర్న్ వేయడం కన్సల్టెంటు బాధ్యత. షాపుల పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు మీ దగ్గర పెట్టుకోకండి. ఏదైనా తేడా వస్తే నింద మీ మీదికి రాకూడదు.

అసలు కష్టమంతా ఇక్కడినుంచి మొదలవుతుంది. ఇంట్లోంచి పని అనగానే ‘నీకు వీలున్నప్పుడు చేసుకోవచ్చుగా’ అంటారు. తల్లికి వీలు ఎప్పుడు దొరుకుతుంది? మా అమ్మ ఇంట్లో మిషన్ కుట్టేది. మేం బడికి వెళ్లాక మొదలుపెడదామంటే పక్కింటివాళ్లు వచ్చేవారు, మధ్యాహ్నం చుట్టాలు, సాయంత్రం మేము. చివరికి మేమంతా పడుకున్నాక కూర్చునేది. ఆ మిషన్ చప్పుడు వింటూ నిద్రపోవడం మాకు అలవాటైంది. ఆ చప్పుడు ఆమె నిద్రలోంచి వస్తోందని అప్పుడు మాకు తెలియలేదు. నలభై దాటకముందే నడుము పట్టేసింది. కుట్టుపని ఆమెకు చాలా ఇష్టం. ఆ పనికంటూ పగలు ఒక్క గంట కూడా ఇంట్లో ఎవరూ విడిచిపెట్టలేదు. అడగాలని ఆమెకూ తోచలేదు. అందుకే మిమ్మల్ని అడగమంటున్నాను.

రోజుకు రెండు గంటలు, ఒకే సమయంలో. బాబు బడిలో ఉండే 10 నుంచి 12 అనుకుందాం. ఆ రెండు గంటలూ పాప మీ చేతిలో ఉండదు, పొయ్యి మీద ఏమీ ఉండదు, కాలింగ్ బెల్ మోగితే మీరు లేవరు. ఇది పని మొదలుపెట్టకముందే ఇంట్లో తేలాలి. మీరు అత్తగారి గురించి ఏమీ రాయలేదు. ఆవిడ ఇంట్లో ఉంటే ఆవిడ్నే అడగండి. ‘కాస్త సాయం చేయండి’ అంటే గాలిమాట అవుతుంది. ‘అత్తయ్యా, పది నుంచి పన్నెండు దాకా పాపను మీరు చూస్తే ఇంటికి నాలుగు డబ్బులు వస్తాయి. అన్నం, కూర పదిలోపే వండేస్తాను’ అని గంటతో సహా చెప్పండి. పెద్దావిడకి మోకాళ్ల నొప్పులుంటే పాప వెంట పరుగెత్తలేరు, అది కూడా చూసుకోండి. అప్పుడు పక్కింట్లో చిన్నపిల్లలున్న తల్లితో వంతులు పెట్టుకోవచ్చు: ఉదయం మీ పాప వాళ్లింట్లో, సాయంత్రం వాళ్ల పిల్ల మీ ఇంట్లో. గడువు దగ్గరపడ్డ వారంలో ఇంకో గంట కావాలి. అది మీవారి వంతు. రాత్రి పిల్లలకు అన్నం తినిపించి పడుకోబెట్టే పని ఆ వారం ఆయనది. ఇది కూడా ఇవాళ చెప్పబోయే మాటల్లోనే కలిపి చెప్పండి. మోసం గురించి చెప్పి ఊరుకుంటే ‘ఇంకేమీ వద్దులే, ఇంట్లో కూర్చో’ అనే అవకాశం ఉంది. పక్కనే మరో దారి కూడా చూపిస్తే ఆలోచిస్తారు.

వచ్చే డబ్బు మీ పేరున ఉన్న ఖాతాలోకే రావాలి. మొదట్లో అది చిన్న మొత్తమే ఉంటుంది, ఆయన జీతంతో పోల్చుకోకండి. ఇంటికి ఎంత, మీకు ఎంత అన్నది మొదటి నెలే అనుకోండి. మీ వాటా నుంచి అమ్మ ఇచ్చిన 9,000ను నెలకింత చొప్పున మళ్లీ కూడబెట్టండి. ఆ డబ్బు పోయిన బాధ మీకు మిగతా 3,500 కంటే ఎక్కువగా ఉందని నాకు అర్థమైంది. చిన్నచిన్న వాటికి చేయి చాచాలంటే మనసు చిన్నబోతోందన్నారు కదా, ఆ మాట ఆయనతో ఎప్పుడైనా అన్నారా? అనకపోతే అనండి. చాలామంది మగవాళ్లకు అది చెబితే తప్ప తెలియదు. సంపాదన మొదలయ్యేలోపు కూడా ఇంటి ఖర్చు డబ్బు నెల మొదట్లోనే మీ చేతికి వచ్చేలా మాట్లాడుకోవచ్చు.

మీకు రాత్రిళ్లు నిద్ర లేకపోవడం, గుండెదడ వంటివి ఈ గొడవ తీరాక కూడా రెండు వారాలకు మించి ఉంటే డాక్టరుకు చూపించుకోండి. పాప ఇంకా పాలు తాగుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడే, అన్నిటికంటే ముందు 1930. పాత ఆఫీసుకు మాత్రం ఈ నెల 20 దాటాక వెళ్లండి. అంతవరకు వాళ్లకు తలెత్తే తీరిక ఉండదు. 23న వెళితే కూర్చోబెట్టి మాట్లాడతారు, మిగిలిపోయిన సంచి ఒకటి అప్పుడే మీ చేతికిచ్చినా ఇస్తారు. పాపను ఇంట్లో వదిలి వెళ్లండి. ఆ రెండు గంటల అలవాటు ఆ రోజునుంచే మొదలవుతుంది.