అమెరికా చరిత్ర పేపర్‌కి ప్రైమరీ సోర్సులు ఎక్కడ దొరుకుతాయి?

పదకొండో తరగతి చదివే మీ అమ్మాయి 1900 ప్రాంతంలో అమెరికా వచ్చిన భారతీయుల మీద పేపర్ రాస్తోంది, ఐదు ప్రైమరీ సోర్సులు (ఆ కాలంనాటి వార్తలు, తీర్పులు, ఉత్తరాల్లాంటి అసలు ఆధారాలు) కావాలి, గూగుల్‌లో వికీపీడియా తప్ప ఏదీ తగలట్లేదు అన్నారు. తగలదండీ. "ఇండియన్" అని కొడితే నేటివ్ అమెరికన్ల వార్తలే వచ్చిపడతాయి. ఆనాటి పత్రికలు మనవాళ్లు సిక్కులైనా ముస్లింలైనా "హిందూ" అనే రాసేవి. ఇంగ్లీషులో ఆ మాట చివర యు పెట్టి ఒకసారి, రెండు ఓలు పెట్టి ఇంకోసారి వెతకమనండి.

1907 సెప్టెంబర్ 4 రాత్రి వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో వందలమంది తెల్లవాళ్ల గుంపు కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీల మీద పడింది. కొద్ది రోజుల్లోనే వాళ్లంతా ఊరు ఖాళీ చేశారు. దీన్నే తీసుకుందాం. అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల పాత పత్రికల సైట్ క్రానిక్లింగ్ అమెరికాలో 1963 దాకా పాత పత్రికలు ఉచితం. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో తేదీలు సెప్టెంబర్ 4 నుంచి 30 వరకూ పెట్టి, ఊరి పేరూ "హిందూ" కలిపి కొట్టాలి. ముందు వాషింగ్టన్ రాష్ట్రం, తర్వాత కాలిఫోర్నియా.

ఏమీ రాకపోతే వార్త లేదని కాదు. స్కాన్ చేసిన పేజీని చదివింది యంత్రం. అచ్చు మసకబారినా, పదం లైను చివర విరిగినా తప్పు చదువుతుంది. అప్పుడు సియాటిల్ స్టార్ లాంటి పత్రిక తెరిచి, 5, 6 తేదీల మొదటి పేజీలు కళ్లతో చదవాల్సిందే. వారపత్రికైతే వారం తర్వాతి సంచిక.

ఇంకో చిక్కు: ఒకే టెలిగ్రాఫ్ వార్తను పది ఊళ్ల పత్రికలు వేసుకునేవి. పేరాలు మక్కీకి మక్కీ ఉంటే అది పది సోర్సులు కాదు, ఒక్కటే. అసలు "ఐదు కావాలి" అని లెక్క చెప్పే పద్ధతే నాకు నచ్చదు; పిల్లలు అంకె నింపుతారు, చదవరు. చాట్‌బాట్‌ని అడిగితే ఇంకా ఘోరం, పుట్టని వ్యాసానికి పేజీ నంబర్లతో సహా ఇస్తుంది.

వార్తల తర్వాత కోర్టు తీర్పులకు వెళ్లాలి. అప్పట్లో వలస వచ్చినవాళ్లకు పౌరసత్వం కావాలంటే తెల్లవాళ్లా కాదా అన్నది ప్రశ్నయ్యేది. 1922 నవంబర్‌లో, పౌరసత్వం కోరిన జపాన్ మనిషి ఒజావా కేసులో, సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ సదర్లాండ్ తెల్లవాడంటే కాకేసియన్ (ఆనాటి జాతుల లెక్కలో ఒక జాతి) అన్నాడు. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరిలో మన పంజాబీ భగత్ సింగ్ థింద్ పౌరసత్వం కేసులో, కాకేసియన్ అయినంత మాత్రాన చాలదు, మామూలు జనం దృష్టిలో తెల్లవాడై ఉండాలని తిప్పేశాడు. రెండూ పక్కపక్కన పెడితే పేపర్‌కి వాదన దొరికినట్టే. సుప్రీంకోర్టు తీర్పులు అచ్చయ్యే యూఎస్ రిపోర్ట్స్ 260, 261 సంపుటాల్లో ఉన్నాయి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లోనే పీడీఎఫ్‌లు. ఉత్తరాలు, ఫొటోలకు సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ చూడండి.

దొరికిన ప్రతిదానికీ పత్రిక పేరు, ఊరు, తేదీ, పేజీ, కాలమ్ అక్కడికక్కడే రాసుకోవాలి. బ్రౌజర్‌లో కనిపించే సెర్చ్ లింకు కాకుండా ఆ పేజీ సొంత లింకు దాచుకోవాలి. మరీ ఎటూ తోచకపోతే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో లైబ్రేరియన్‌ని అడిగే ఫారం ఉంది. ఊరు, ఏడాది, ఇప్పటిదాకా వెతికిన మాటలు రాస్తే దారి చూపిస్తారు. జవాబుకి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి, రేపు పేపర్ ఇవ్వాలనగా రాస్తే లాభం లేదు.