ఫోటో ఎడిటింగ్ మొదలుపెట్టేవాళ్లు ముందు ఏ పదాలు, ఏ టూల్స్ తెలుసుకోవాలి?

యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో టూల్ దగ్గర మొదలుపెడుతున్నారు, లేయర్, మాస్క్, ఫెదర్, కర్వ్స్ అన్నీ కలిసిపోయి అయోమయంగా ఉంది, వీటిలో ముందు ఏవి నేర్చుకోవాలి, డబ్బు కట్టకుండా జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టుకోవచ్చా అని అడిగారు. నేను ఖమ్మంలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేస్తాను. ఫోటోషాప్ టూల్‌బార్‌లో సగం టూల్స్ నేను ఎప్పుడూ ముట్టుకోలేదు, అయినా పని ఆగలేదు. అందుకని వరసపెట్టి అన్నీ చెప్పను. మాకు తరచూ వచ్చే పని ఒకటి తీసుకుని, అందులో ఏ పదం ఎక్కడ అవసరపడుతుందో చెబుతాను.

ఇంట్లో పెద్దాయన పోతారు. పెద్దకర్మకు ఫోటో కావాలి. ఆయన విడిగా తీయించుకున్న ఫోటో ఉండదు. ఏ పెళ్లిలోనో తీసిన పాత గ్రూప్ ఫోటో తెచ్చి, వెనక వరసలో నిలబడ్డ మనిషిని చూపించి, 12 బై 18 ఫ్రేముకు చేసిపెట్టమంటారు. ఎల్లుండికే కావాలి.

ఇక్కడ మొదట కావాల్సింది టూల్ కాదు, లెక్క. ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెల్స్ (ఫోటోలోని చిన్న రంగు చుక్కలు) అనుకుంటే 12 బై 18కి 3600 బై 5400 పిక్సెల్స్ కావాలి. గ్రూప్ ఫోటోలో ఆయన తల, భుజాలు కలిపి అంగుళం వెడల్పు ఉన్నాయనుకోండి. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కలుగా, స్కాన్ చేస్తే మన చేతికొచ్చేది 600 పిక్సెల్స్. అంటే ఆరు రెట్లు సాగదీయాలి. 'ఫోటో పగిలింది' అని మనం అనేది ఈ సాగదీత వల్లే. 1200లో స్కాన్ చేస్తే అంకె పెరుగుతుంది కానీ, పాత ప్రింటు కాగితం మీద లేని వివరాన్ని స్కానర్ తేలేదు.

ఇమేజ్ సైజ్ బాక్సులో రిజల్యూషన్‌ను, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెల్స్ అన్న అంకెను, 72 నుంచి 300గా మారిస్తే క్వాలిటీ పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. కొత్తవాళ్లు తలకెక్కించుకోవాల్సింది ఇదే. అక్కడ 'రీశాంపుల్' అనే టిక్ ఉంటుంది. అది తీసేసి మారిస్తే ఒక్క పిక్సెల్ కూడా పెరగదు, ప్రింటు కొలత మాత్రం తగ్గుతుంది. టిక్ ఉంచి మారిస్తే మధ్యలో ఏముండాలో సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది. సైజు పెరుగుతుంది, వివరం పెరగదు. గోడ మీది ఫోటోను నాలుగడుగుల దూరం నుంచి చూస్తారు కాబట్టి 150 ఉన్నా నడుస్తుంది. అప్పటికీ చాలకపోతే చిన్న ఫ్రేము తీసుకోమని చెప్పడమే మర్యాద. ఇంకో మాట, ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

స్కాన్ చేసేటప్పుడు బ్లాక్ అండ్ వైట్ ఫోటో అయినా కలర్‌లోనే చేయండి. ప్రతి కలర్ ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ఛానల్స్ ఉంటాయి. పాత ఫోటోల మీది పసుపు మరకలు నీలం ఛానల్‌లో నల్లగా కనిపిస్తాయి, ఎరుపు ఛానల్‌లో చాలావరకు మాయమవుతాయి. ఎరుపు ఛానల్ ఒక్కటీ తీసుకుంటే సగం శుభ్రం ముందే అయిపోతుంది. ఛానల్స్ పాఠం కష్టమని చాలామంది దాటేస్తారు గానీ, నాకు ఎక్కువ టైం మిగిల్చింది అదే.

ఇప్పుడు లేయర్. ఫోటో మీద గాజు పలక పెట్టి, రంగేదో ఆ గాజు మీదే వేసినట్టు. నచ్చకపోతే గాజు తీసేస్తారు, కింది ఫోటోకు ఏమీ కాదు. 1990లో వచ్చిన మొదటి ఫోటోషాప్‌లో ఇది లేదు, 1994లో 3.0తో వచ్చింది. అంతకుముందు వాళ్లు ఎలా పనిచేశారో తలుచుకుంటేనే టెన్షన్. మీరు మాత్రం ఫోటోషాప్‌లో ఫోటో తెరవగానే కంట్రోల్ జె నొక్కి ఇంకో కాపీ లేయర్ చేసుకోండి. బ్యాక్‌గ్రౌండ్ లేయర్ జోలికి వెళ్లకండి.

గీతలు, మడతలు తీయడానికి రెండు టూల్స్ ఉన్నాయి. క్లోన్ స్టాంప్ ఒకచోటి పిక్సెల్స్‌ను ఉన్నవి ఉన్నట్టు ఇంకోచోట అతికిస్తుంది. ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేసి ఎక్కడినుంచి తీసుకోవాలో చూపించాలి, జింప్‌లో అయితే కంట్రోల్ పట్టుకుని. హీలింగ్ బ్రష్ కూడా అలాగే తీసుకుంటుంది కానీ, అతికించే చోటి వెలుగుకూ రంగుకూ కలిపేస్తుంది. చర్మం మీద హీలింగ్ బాగుంటుంది. కనురెప్ప, కళ్లజోడు, చొక్కా కాలర్ లాంటి అంచుల దగ్గర అదే హీలింగ్ రంగులు పులిమేస్తుంది, అక్కడ క్లోన్ వాడాలి. రెండింటినీ ఖాళీ లేయర్ మీద, పైన శాంపుల్ దగ్గర 'కరెంట్ అండ్ బిలో' పెట్టుకుని వాడండి. మీసం కొంచెం ఎక్కువ చెరిగిపోతే ఆ లేయర్‌లో ఆ ముక్క చెరిపితే చాలు.

తరవాత ఆయన్ను గుంపులోంచి విడదీయాలి. మేం దీన్ని కటింగ్ అంటాం. ఈమధ్య ఫోటోషాప్‌లో మనిషిని తనే గుర్తుపట్టే 'సెలెక్ట్ సబ్జెక్ట్' నొక్కితే సగం పని అదే చేస్తోంది. భుజాల్లాంటి గట్టి అంచులకు, అంచు వెంట చుక్కలు పెడుతూ గీత గీసే పెన్ టూల్‌ను మించింది లేదు, చెయ్యి తిరగడానికి కాస్త కాలం పడుతుంది, ఓపిక పట్టండి. సెలెక్షన్ అంచును ఎన్ని పిక్సెల్స్ మేర మెత్తబరచాలో చెప్పేది ఫెదర్. 600 పిక్సెల్స్ ఫోటోలో 5 ఫెదర్ అంటే భుజం మసకబారుతుంది, 5400లో అదే 5 కంటికి ఆనదు. ఎవరో చెప్పిన అంకె మీ ఫోటోకు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

సెలెక్షన్ అయ్యాక డిలీట్ నొక్కకండి. లేయర్ మాస్క్ పెట్టండి. మాస్క్‌లో తెలుపు ఉన్నచోట ఫోటో కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట దాగుతుంది, బూడిద రంగున్నచోట పలచగా కనిపిస్తుంది. పక్కనున్నాయన చెయ్యి ఈయన భుజం మీద ఉంటే నల్ల బ్రష్‌తో కప్పేయండి. పొరపాటున చెవి పోయిందా, ఎక్స్ నొక్కితే బ్రష్ తెలుపుకు మారుతుంది, చెవి వెనక్కి వస్తుంది. మాస్క్ అర్థమైన రోజు నుంచి ఎరేజర్ టూల్ అవసరం దాదాపు ఉండదు. ఒక్క వారం ఒక్కటే నేర్చుకుంటానంటే నేను చెప్పేది మాస్కే.

వెలిసిపోయిన ఫోటోకు జీవం రావాలంటే కర్వ్స్. ముందు హిస్టోగ్రాం చూడండి, ఫోటోలో ఏ వెలుగు ఎంత ఉందో చూపించే గుట్టలాంటి గ్రాఫ్ అది. 0 నలుపు, 255 తెలుపు. వెలిసిన ఫోటోలో గుట్ట అంతా మధ్యలో ఉండి రెండు చివర్లూ ఖాళీగా ఉంటాయి. లెవెల్స్ అనే బాక్సులో ఈ గ్రాఫ్ కింద ఉండే రెండు చివరి త్రికోణాలను గుట్ట అంచుల దాకా జరిపితే నలుపు నల్లగా, తెలుపు తెల్లగా అవుతాయి. కర్వ్స్‌లో అదే పని ఇంకా సూక్ష్మంగా, ముఖం తాలూకు మధ్య ఛాయలను మాత్రమే ఎత్తుతూ చేయొచ్చు. మెనూలోంచి నేరుగా కాకుండా అడ్జస్ట్‌మెంట్ లేయర్‌గా (మార్పును మాత్రమే పట్టుకునే విడి లేయర్) పెట్టుకుంటే రేపు కూడా మార్చుకోవచ్చు. బ్రైట్‌నెస్ స్లైడర్ ఒక్కటే లాగితే ధోవతి తెల్లటి అట్టముక్కలా తయారవుతుంది.

ఒపాసిటీ, ఫ్లో తేడా, బ్లెండింగ్ మోడ్స్ లాంటివి పని చేస్తుంటే వాటంతటవే తెలుస్తాయి. బ్లెండింగ్ మోడ్ అంటే పై లేయర్ కింది దానితో కలిసే తీరు: మల్టిప్లై ముదురు చేస్తుంది, స్క్రీన్ వెలుగు పెంచుతుంది, ప్రస్తుతానికి అంతే చాలు. షార్పెన్ (అంచులను పదునుగా చూపించడం) మాత్రం సైజు మార్చిన తరవాత, ఆఖర్న చేయండి.

ఒక్క బటన్‌తో ముఖాన్ని స్పష్టం చేసే ఏఐ యాప్‌ల సంగతి. నేనూ వాడతాను, తెర, గోడ, చొక్కా వరకు. ముఖం మీద వాడితే కళ్లు, పళ్లు అది తనే సృష్టిస్తుంది. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కాకపోతే అది వాళ్ల నాన్న కాదు. ఇంట్లోవాళ్లు చూడగానే పట్టేస్తారు. కొంచెం మసకగా ఉన్నా అసలు ముఖమే ఉంచండి.

కింద పేరు, తేదీలు తెలుగులో వేసేటప్పుడు వత్తులు విడిపోతే అది ఫాంట్ తప్పు కాదు. ఫోటోషాప్ పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' ఎంచుకుని, కొత్త ఫైలు తెరవాలి. కొత్తవాటిలో పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో 'వరల్డ్ రెడీ' ఉంటుంది. అను ఫాంట్లతో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) టైప్ చేస్తే, అవి లేని ఇంకో కంప్యూటర్‌లో పిచ్చి అక్షరాలు వస్తాయి కాబట్టి, ఆ లేయర్‌ను రాస్టరైజ్ చేసి, అంటే అక్షరాలను బొమ్మగా మార్చి, ఇవ్వండి.

పని అయ్యాక పీఎస్‌డీ (ఫోటోషాప్ సొంత ఫైలు) ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, లేయర్లన్నీ అందులోనే ఉంటాయి. ల్యాబ్‌కు ఎస్ఆర్‌జీబీ (స్క్రీన్లలో మామూలుగా వాడే రంగుల పద్ధతి) జేపెగ్ ఇవ్వండి. సీఎంవైకే (నాలుగు ఇంకుల రంగుల పద్ధతి) అడిగేది పెళ్లికార్డులు వేసే ఆఫ్‌సెట్ ప్రెస్ వాళ్లు. జేపెగ్‌నే మళ్లీ మళ్లీ తెరిచి సేవ్ చేస్తే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

జింప్ విషయం: పైన చెప్పిన లేయర్, మాస్క్, క్లోన్, హీల్, కర్వ్స్, ఛానల్స్ అన్నీ అందులో ఉన్నాయి, పైసా కట్టక్కర్లేదు. 2025లో వచ్చిన 3.0 నుంచి చాలా ఫిల్టర్లను వేశాక కూడా మార్చుకునే వీలుంది. స్టూడియోలో ఉద్యోగం చూసుకోవాలనుకుంటే మాత్రం ఫోటోషాప్ తెలియాలి, ఆల్బం డిజైన్లన్నీ పీఎస్‌డీల్లోనే తిరుగుతాయి. ఇంట్లోవాళ్ల ఫోటోలు బాగుచేసుకోవడానికైతే జింప్ వేసుకుని, మీ ఇంట్లో ఉన్న పాత గ్రూప్ ఫోటో ఒకటి స్కాన్ చేసి మొదలుపెట్టండి. మాస్క్ దగ్గర ఆగిపోతే ఏ స్టెప్‌లో ఆగారో ఇక్కడే కింద రాయండి, చూసి చెబుతాను.