మీ ప్రశ్నలు – మా జవాబులు: ఇయర్‌ఫోన్స్‌లో ఏం వింటున్నాం?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. పోయిన ఏడాది బాప్తిస్మం తీసుకున్నాను. ర్యాప్, పాప్ పాటలంటే నాకు ప్రాణం. లోక సంగీతమంతా సాతానుదే, ఫోన్‌లో ఉన్నవన్నీ తీసేయమని మా యూత్ లీడర్ అంటున్నారు. ఒకసారి తీసేశాను, పది రోజులకే మళ్లీ ఎక్కించుకున్నాను. ఇప్పుడు వింటున్నంతసేపూ ఏదో తప్పు చేస్తున్నట్టు టెన్షన్. వినొచ్చా, వినకూడదా? ఒక్క మాటలో చెప్పండి.

జవాబు: ఒక్క మాటలో చెప్పలేను తమ్ముడూ. నీ ఫోన్‌లో వెయ్యి పాటలుంటే ఆ వెయ్యీ ఒకలాంటివి కావు కదా. ముందు నీ భయం సంగతి చూద్దాం. దానియేలు గ్రంథం 3వ అధ్యాయంలో బంగారు ప్రతిమకు సాగిలపడమని జనానికి ఇచ్చిన గుర్తు ఏమిటో తెలుసా, బాకా, పిల్లంగ్రోవి, వీణల చప్పుడు. 150వ కీర్తన తెరిస్తే దేవుణ్ణి స్తుతించమన్నది కూడా బూరతో, తంతివాద్యాలతో, పిల్లనగ్రోవితోనే. వాయిద్యాలు ఇంచుమించు అవే, ఎవరి ముందు మోకరించమంటున్నాయన్నదే తేడా. అందుకే ఫలానా బీట్ పాపం, ఫలానా రాగం పరిశుద్ధం అని నేను అనలేను. పౌలు ఏథెన్సులో మాట్లాడుతూ మనం దేవుని సంతానమని ‘మీ కవీశ్వరులలో కొందరు’ చెప్పారన్నాడు (అపొస్తలుల కార్యములు 17:28). ఆ మాట అరాటస్ అనే గ్రీకు కవిది, జ్యూస్ అనే గ్రీకు దేవుడి గురించి రాసింది! చదవకుండానో వినకుండానో అది పౌలు నోటికి రాదు. అన్యుడు రాసిన దాంట్లో నిజం ఎక్కడుందో ఆయన పట్టుకోగలిగాడు.

అయితే ఇది విని హమ్మయ్య అనుకుని ఇక్కడితో ఆగిపోకు. నా సంగతి ఒకటి చెప్తాను. ఒక పాట నాకు ఎంత నచ్చిందంటే నెలల తరబడి గిన్నెలు తోముతూ అదే కూనిరాగం తీసేవాడిని. ఒక రోజు ఎందుకో కాగితం తీసుకుని, పాట ఆపుతూ ఆపుతూ మాటలన్నీ చేత్తో రాశాను. రెండో చరణం దగ్గర పెన్ను ఆగిపోయింది. వద్దన్న అమ్మాయి ఇంటి చుట్టూ తిరుగుతూ, ఒప్పుకునేదాకా వదలనంటున్నాడు అందులో అబ్బాయి. ట్యూన్ తీసేసి కాగితం మీద చూస్తే అది ప్రేమ కాదు, బెదిరింపు. అన్నాళ్లూ నేను దాన్నే ఇష్టంగా పాడుతున్నాను. మంచి ట్యూన్ చేసే పని అదే, మామూలుగా చెబితే మనం ఒప్పుకోని మాటను కూడా తీపి చేసి లోపలికి పంపిస్తుంది. నువ్వు ఎక్కువగా వినే ఐదు పాటలు తీసుకుని ఇలాగే రాసి చూడు. ఈ పాట దేన్ని ప్రేమించమంటోంది? ఆడదాన్ని, డబ్బును, కోపాన్ని ఎలా చూడమంటోంది? అందులో ఏది నిజం? ఈ మూడూ అడిగితే ఏవి తీసేయాలో చాలావరకు నీకే తెలిసిపోతుంది, ఇంకొకరు లిస్టు ఇవ్వక్కర్లేదు.

ఫిలిప్పీ 4:8 గురించి ఒక మాట. ‘ఏవి సత్యమైనవో’ అని మొదలవుతుంది ఆ వరుస, ‘ధ్యానముంచుకొనుడి’ అని ముగుస్తుంది. నలభైసార్లు విన్న పాట ధ్యానమే, మనం ఆ పేరు పెట్టకపోయినా. సత్యం ముందు వచ్చింది కాబట్టి, చనిపోయిన తండ్రి ఖాళీ కుర్చీ గురించి ఒక అవిశ్వాసి నిజాయితీగా పాడిన పాట, డబ్బుంటే చాలు అన్నీ ఉన్నట్టే అనే హుషారు పాట కంటే ఆ వాక్యానికి దగ్గరగా ఉంటుందని నా నమ్మకం.

ఇంకొకటి, ‘నేను దేనిచేతను లోపరచుకొనబడనొల్లను’ అన్నాడు పౌలు (1 కొరింథీ 6:12). పది రోజులకే మళ్లీ ఎక్కించుకున్నానన్నావు చూడు, నాకు పాటల కంటే ఆ మాటే ఎక్కువ ఆలోచించాల్సిందిగా కనిపించింది. ఆటోప్లే ఆపెయ్. ఒక పాట అయ్యాక తర్వాతిది యాప్ కాదు, నువ్వే ఎంచుకో. నిశ్శబ్దంగా అరగంట కూర్చోలేకపోతున్నావంటే, నీ పాటలన్నీ శుద్ధమైనవే అయినా సరే, ప్రార్థనలో పెట్టాల్సిన సంగతే అది. మీ లీడర్‌తో మాత్రం వాదన పెట్టుకోకు. ఆయన ఏ జీవితంలోంచి బయటికొచ్చారో, ఏ పాట వింటే ఆయనకు ఏది గుర్తొస్తుందో మనకు తెలీదు. తోటి విశ్వాసికి అడ్డం కావద్దని చెప్పే రోమా 14 చదువు, ఆయన ఉన్నచోట స్పీకర్‌లో పెట్టకు.

ప్రశ్న: కొన్ని పాటలను వెనక్కి తిప్పి వింటే సాతాను సందేశాలు వినిపిస్తాయట, నిజమేనా?

జవాబు: 1980ల్లో అమెరికా సంఘాల్లో ఈ భయం బాగా పాకింది. గజిబిజి శబ్దంలో ఫలానా మాట ఉందని ముందే చెప్తే మన చెవి ఆ మాటనే వెతికి పట్టుకుంటుంది. దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి. ముందుకు తిప్పినప్పుడు పాట ఏం చెప్తోందో అది వినండి, చాలు.

ప్రశ్న: మా సంఘంలో యువకులు ఆరాధనలో డ్రమ్స్, గిటార్ మోగిస్తున్నారు. పెద్దవాళ్లం మాకు ఇబ్బందిగా ఉంది. ఆపమనడం తప్పా?

జవాబు: ఇది పాత గొడవే అయ్యగారూ. 1524లో జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ పక్షం వాళ్లు ఎనిమిది పాటలతో చిన్న పాటల పుస్తకం అచ్చు వేశారు, సగం పాటలు లూథరే రాశాడు. అదే కాలంలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో జ్వింగ్లీ అనే మరో సంస్కర్త, తనకు ఎన్నో వాయిద్యాలు వచ్చి ఉండి కూడా, ఆరాధనలో సంగీతం వద్దన్నాడు. ఇద్దరూ బైబిలు మీద ప్రాణం పెట్టినవాళ్లే. శబ్దం సంఘం గొంతును మింగేస్తుంటే తగ్గించమని తప్పకుండా అడగండి. దానితోపాటు పాటల మాటలు కూడా చూడండి, కొత్తవీ, మీకు ఇష్టమైన పాతవీ. యేసు పేరు ఉన్నంత మాత్రాన పాటలో ఉన్నదంతా వాక్యానుసారం అయిపోదు. ఆ పరీక్ష మనం దాదాపు ఎప్పుడూ పెట్టం.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఎప్పుడు చూసినా ఏడుపు పాటలే, గది తలుపు వేసుకుని వింటుంది. క్రైస్తవ పాటలు పెట్టుకోమంటే విసుక్కుంటోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు పాటల సంగతి పక్కన పెట్టండి. తిండి, నిద్ర, చదువు, స్నేహితులు ఎప్పటిలాగే ఉన్నాయా? అవి మారితే, బతకాలని లేదు లాంటి మాట వినిపిస్తే, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, ప్రార్థనతో పాటు ఇది కూడా చేయండి. అదేమీ లేకపోతే దుఃఖపు పాట వినడమే పాపమని అనుకోకండి. 88వ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది, చివర్లో ఓదార్పు వాక్యం ఒక్కటీ ఉండదు, అయినా దేవుడు దాన్ని మన పాటల పుస్తకంలో ఉంచాడు. తేడా ఒక్కటే, ఆ కీర్తన ఏడ్చింది దేవుడితో. మీ అమ్మాయి ఎవరితోనూ చెప్పుకోలేక ఆ పాటతో ఏడుస్తోందేమో. ఈ రోజు ఆమె పక్కన కూర్చుని, నీకు బాగా నచ్చిన పాట ఒకటి నాకూ వినిపించమ్మా అని ఒక ఇయర్‌ఫోన్ అడగండి. పాట అయ్యేదాకా ఏమీ అనకండి, అయ్యాక కూడా అందులో ఏ లైను ఇష్టమో అడిగి ఊరుకోండి.