బొమ్మ ముందు ఎలా నిలబడాలి

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. ఢిల్లీలో జైపూర్ హౌస్‌కి వెళ్లి, నేషనల్ గ్యాలరీ గదులన్నీ తిరిగి, తలనొప్పితో బయటికొచ్చానని రాశావు. 'నాకు ఆర్ట్ అర్థం కాదు మామయ్యా' అన్న మాట చదివి మనసు చివుక్కుమంది. డ్రాయింగ్ మాస్టారుగా ఆ మాట ఎంతమంది పిల్లల నోట విన్నానో! ఒక్క పూటలో వందేళ్లు చూడబోయావమ్మా, అంతే జరిగింది.

ఈసారి రెండే బొమ్మలు చూసి రా. రెండూ చిత్రకారిణి అమృతా షేర్‌గిల్‌వే. ఒకటి 1932లో పారిస్‌లో వేసిన 'యంగ్ గర్ల్స్', రెండోది 1937 నాటి 'బ్రైడ్స్ టాయిలెట్'. గోడ మీద ఉన్నాయో లేదో ముందు కౌంటర్‌లో అడుగు, ఒక్కోసారి మారుస్తుంటారు. ఒక్కోదాని ముందు పావుగంట కూర్చో. మొదటిదాంట్లో వెలుగునీడలు, ఒంటి మెరుపు, బట్టల మడతలు అన్నీ అక్కడి బడిలో నేర్పినట్టే ఉంటాయి. రెండోదాంట్లో నీడలు తగ్గిపోయాయి. రంగులు చదునుగా పరుచుకున్నాయి. పెళ్లికూతుర్ని ముస్తాబు చేస్తున్నారు, ఒక్క ముఖంలోనూ నవ్వు లేదు. ఈ రెండు బొమ్మల మధ్యకాలంలో ఆమె అజంతా చూసింది, దక్షిణాది ఊళ్లు తిరిగింది. ఏం వదిలేసింది, ఏం పట్టుకుంది? నోట్‌బుక్‌లో రాసుకో. వీలైతే పెన్సిల్‌తో గీసుకో, గీస్తుంటే చూపు నిలబడుతుంది.

రియలిజం, క్యూబిజం లాంటి ఇజాల పేర్లు బట్టీ పట్టకు. బొమ్మ పక్కన సంవత్సరం చూసి ఇదే ప్రశ్న వెయ్యి. రవివర్మ యూరప్ తైలవర్ణాలతో దేవతల్ని మన పక్కింటివాళ్లలా వేశాడు. అవనీంద్రనాథ్ ఠాగూర్ ఆ దారి కాదన్నాడు. 1905లో 'భారతమాత'ను పలుచని నీటిరంగుల్లో, పొగమంచులోంచి వచ్చినట్టు వేశాడు. ఆ మెత్తదనం మాకొద్దని 1947లో బొంబాయిలో సూజా, రజా, హుస్సేన్ వంటివాళ్లు ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టారు. అందులో మన బొల్లారంలో పుట్టిన ఆరా కూడా ఉన్నాడు. చిన్నప్పుడే బొంబాయి పారిపోయి, ఇళ్లలో పనిచేసి, కార్లు తుడిచి బతికినవాడు. ఆయన పూలకుండీల బొమ్మలు కనిపిస్తే నా కోసం కాసేపు ఆగు.

ఇప్పటి ఆర్ట్ దగ్గర నీకు ఎక్కువ టెన్షన్ అన్నావు. ఇప్పటి కళాకారిణి షీలా గౌడ సంగతి చెప్తాను. ఆమె పెయింటింగ్ నేర్చుకున్న మనిషి. 1992 తర్వాత, మతకల్లోలాల రోజుల్లో, రంగులు పక్కనపెట్టి పేడతో పని మొదలుపెట్టింది. 1998లో సూదుల్లో దారాలెక్కించి, వాటిని కుంకుమ, జిగురుతో కలిపి ఎర్రటి తాళ్లుగా చేసి గది నిండా వేలాడదీసింది. 'ఇదీ ఆర్టేనా' అని అడిగే ముందు మీ అమ్మమ్మని తలుచుకో. పేడ ఎత్తి పిడకలు చేసింది ఎవరు? రాత్రిళ్లు సూదీ దారంతో కూర్చుంది ఎవరు? కుంకుమ ఎవరి నుదుట ఉండేది, ఎప్పుడు చెరిపారు? నీకు ఇవన్నీ తెలుసు తల్లీ. ఢిల్లీలో పుట్టిపెరిగినవాళ్ల కంటే నీకే బాగా తెలుసు.

సంక్రాంతికి వచ్చినప్పుడు రాజమండ్రి వెళ్దాం. అక్కడ దామెర్ల రామారావు బొమ్మల గ్యాలరీ ఉంది. 1925లో, ఇరవై ఎనిమిదో ఏటే మశూచితో పోయాడు. బొంబాయిలో యూరప్ పద్ధతి నేర్చుకుని వచ్చి గోదావరి మనుషుల్ని వేశాడు. ఏం వదిలాడో, ఏం పట్టుకున్నాడో ఈసారి నువ్వు నాకు చెప్పాలి. నోట్‌బుక్ మర్చిపోకుండా తెచ్చుకో.

మీ మామయ్య