గామా మూలం దగ్గర ఎక్స్-రే చుక్క కనిపిస్తే చాలదా?

“ఫెర్మీ ఉపగ్రహం జాబితాలో ఇంకా ఏమిటో తేలని గామా మూలాలు, అంటే ఆకాశంలో గామా కిరణాలు వచ్చే చోట్లు, వెయ్యికి పైగా ఉన్నాయట. ఆ చోటును ఎక్స్-రే టెలిస్కోపుతో చూస్తే గుట్టు తెలిసిపోదా?” అని ఒకరు అడిగారు.

తెలియదు. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు తెలిసిపోయిందనే నేనూ అనుకున్నాను. అలాంటి మూలం ఒకదానిపై స్విఫ్ట్ ఉపగ్రహం తీసిన ఎక్స్-రే చిత్రాన్ని ఒక రాత్రి తెరిచాను. మూలం ఈ మేరలోనే ఉండాలని ఫెర్మీ చెప్పిన వలయం లోపల, నల్లటి తెర మీద చిటికెడు ఆవాలు రాలినట్టు, పదకొండు ఫోటాన్లు (ఎక్స్-రే కణాలు) ఒకేచోట ఉన్నాయి. వలయంలో మరో చుక్క లేదు. రెండు గంటలకే మా గైడుగారికి మెయిలు పంపాను. పొద్దున ఆయన అడిగింది ఒకటే: “మామూలు వెలుగులో అక్కడ ఏముందో చూశావా?” చూస్తే ఓ ఎర్ర మరుగుజ్జు నక్షత్రం. దాని కరోనా, అంటే చుట్టూ ఉండే వాయు పొర, వేడికి ఎక్స్-రేలు వస్తాయి. అంతకు మించి దానికీ ఆ గామా కిరణాలకూ చుట్టరికం లేదు.

అందుకే గట్టిగా చెబుతున్నాను: చోటు కలవడం సాక్ష్యం కాదు, లయ కలవాలి. మిథున రాశిలోని గెమింగా అనే గామా మూలాన్నే చూడండి. 1970లలో ఎస్ఏఎస్-2 ఉపగ్రహం దాన్ని పట్టింది. మిలాన్ మాండలికంలో ఆ పేరుకు ‘అక్కడ లేదు’ అనే అర్థమూ వస్తుంది. 1983లో బిన్యామీ, కారవేయో, లాంబ్ ఐన్‌స్టైన్ ఉపగ్రహం చిత్రాల్లో ఒక ఎక్స్-రే చుక్కను చూపించి, ఇదే కావచ్చన్నారు. ఆ ‘కావచ్చు’ దాదాపు పదేళ్లు అలాగే ఉండిపోయింది. 1992లో హాల్పర్న్, హోల్ట్ రోశాట్ అనే ఎక్స్-రే ఉపగ్రహం దత్తాంశంలో ఆ చుక్క 237 మిల్లీసెకన్లకోసారి మినుకుమంటోందని కనిపెట్టారు. గామా కిరణాల్లో వెతికితే అక్కడా అదే లయ! అదొక పల్సార్, అంటే గిరగిరా తిరుగుతూ లయగా మినుకుమనే న్యూట్రాన్ నక్షత్రం.

ఇలాంటి లయను పట్టడానికి ఎక్స్-రేల రాక వేళను మైక్రోసెకన్ల మేరకు కొలిచే పరికరం మనకూ ఉంది. 2015లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోనే ఉంది. పత్రికల్లో మొదటి పేజీలు మాత్రం చంద్రయాన్‌కే. ఎప్పుడైనా ఒక గామా మూలం గురించి రాస్తే ‘అంతుచిక్కని సంకేతం’ అని శీర్షిక పెట్టి, గ్రహాంతరవాసుల బొమ్మ వేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

పదకొండు ఫోటాన్లలో ఏ లయనూ వెతకలేం. జాబితాలో నా మూలానికి ఎదురుగా ఉన్న గడి ఇప్పటికీ ఖాళీయే. కొత్త జాబితా వచ్చిన ప్రతిసారీ ముందు ఆ వరుసే తెరుస్తాను.