పొదలు మూసిన కొండదారిలో

కార్తీక వనభోజనాల రోజులు కావడంతో కొండదారుల గురించి చాలా ప్రశ్నలు వచ్చాయి. కొన్నింటికి జవాబులివి.

ప్రశ్న: మేం ఎనిమిదిమందిమి శేషాచలం కొండల్లోని ఒక తీర్థానికి నడిచి వెళ్లాలనుకుంటున్నాం. వానలకు దారంతా నడుమెత్తు గడ్డి, లంటానా కంప పెరిగిందట. ఎలా వెళ్లాలి? (తిరుపతి)

జవాబు: ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి. అది ఎర్రచందనం కాపలా ఉన్న అడవి, జాతీయ ఉద్యానవనం కూడా. చెప్పకుండా వెళ్తే కేసు పెట్టొచ్చు. పైగా తప్పిపోతే మీ కోసం వెతకాలని కూడా ఎవరికీ తెలియదు. దారి బాగా తెలిసిన స్థానికుణ్ణి వెంట పెట్టుకోండి.

ఇలాంటి దారిలో అసలు ప్రమాదం పాదం ఎక్కడ పడుతోందో కనబడకపోవడమే. రాళ్ల సందు, కోత పడ్డ అంచు, చుట్టుకుని పడుకున్న రక్తపింజర అన్నీ ఆ గడ్డి కిందే ఉంటాయి. అందుకే ముందు కర్ర, తర్వాత చూపు, ఆ తర్వాతే కాలు. ఐదడుగుల వెదురుకర్రతో గడ్డిని పక్కకు ఒత్తి, నేల కనిపించాకే అడుగేయండి. కర్ర చప్పుడుకు పాములన్నీ తప్పుకుంటాయనుకోవద్దు. జెర్రిపోతు జారుకుంటుంది, రక్తపింజర మాత్రం చాలాసార్లు కదలదు. కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస వినిపిస్తే ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి జరగండి. దారికి అడ్డంగా పడిన మానును ఒక్క అంగలో దాటకండి. దాని మీద నిలబడి అవతలివైపు చూసుకుని దిగండి.

మనిషికీ మనిషికీ రెండు మీటర్ల ఎడం ఉండాలి. ముందువాళ్లు వంచి వదిలిన కంప వెనకవాళ్ల కంట్లో కొడుతుంది. లంటానా పొదల్లో ఎలుగుబంట్లుంటాయి. అవి హఠాత్తుగా ఎదురుపడితేనే ఎక్కువగా మీద పడతాయి కాబట్టి మాట్లాడుకుంటూ నడవండి. స్పీకరులో పాటలు మాత్రం పెట్టొద్దు, బుస వినబడదు. అన్నం ఇంటి నుంచే కట్టుకెళ్లండి. రాతి గోడకు తేనెపట్లున్న చోట పొగ లేస్తే కొండతేనెటీగలు గుంపుగా మీద పడతాయి.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, తలకు కట్టుకునే దీపం, చీలమండను మూసే బూట్లు తప్పనిసరి. మామూలు బాటలో గంటకు 4 కిలోమీటర్లు నడిచేవాళ్లు ఇక్కడ ఒకటి, ఒకటిన్నర నడిస్తే గొప్ప. నవంబరులో 5:40 ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది, లోయలో వెలుతురు ఇంకా ముందే పోతుంది. తెల్లవారగానే బయలుదేరినా, మధ్యాహ్నం 12 గంటలకు ఎక్కడున్నా వెనక్కి తిరగండి. తీర్థం అరకిలోమీటరే ఉందన్నా సరే. వాగు నీరు రంగు మారి, చెత్త కొట్టుకొస్తుంటే పైన వాన పడినట్టే. వెంటనే గట్టెక్కండి.

ప్రశ్న: పాము కరిస్తే పైన గట్టిగా కట్టాలా? (రాజంపేట)

జవాబు: వద్దు. గట్టి కట్టు వల్ల రక్తం ఆడక ఆ కాలే పాడవుతుంది. కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం కూడా చేయొద్దు. మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు, గడియారం వెంటనే తీసేయండి, వాచాక రావు. కాలికి రెండువైపులా కర్రలు పెట్టి, తువ్వాలుతో బిగించకుండా కట్టి, నడిపించకుండా మోసుకురండి. కరిచిన సమయం రాసుకోండి, సిగ్నల్ అందగానే 108కి ఫోన్ చేయండి. పాము కోసం వెతకనక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు ఇస్తారు. నొప్పి లేదని ఊరుకోకండి. కట్లపాము కాటుకు ఒక్కోసారి గాటు కూడా కనబడదు, తర్వాత కనురెప్పలు వాలిపోతాయి.

ప్రశ్న: కొండకు వెళ్లొచ్చిన పదిరోజులకు మా అబ్బాయికి జ్వరం, విపరీతమైన తలనొప్పి. నడుం దగ్గర నల్లటి పక్కు కట్టింది, నొప్పి లేదంటున్నాడు. (మదనపల్లె)

జవాబు: ఈరోజే డాక్టరుకు చూపించండి. స్క్రబ్ టైఫస్ కావచ్చు. గడ్డిలో, పొదల్లో ఉండే, కంటికి సరిగా ఆనని పురుగు పిల్ల కుడితే వస్తుంది. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లమచ్చ పడుతుంది. చంకలు, గజ్జలు, నడుం పట్టీ కింద ఉంటుంది కాబట్టి అడిగితే తప్ప బయటపడదు. అందరికీ మచ్చ రాదు కూడా. అడవికి వెళ్లొచ్చిన సంగతి, మచ్చ సంగతి మీరే చెప్పండి. త్వరగా మొదలుపెడితే డాక్సీసైక్లిన్‌తో బాగా తగ్గుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతినొచ్చు. సొంతంగా మాత్రలు వేయకండి.

ఈసారి వెళ్లేటప్పుడు ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోమనండి. గడ్డి మీద కూర్చోకూడదు, పడుకోకూడదు. ఇంటికి రాగానే సబ్బుతో స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో ఉతకాలి.

ప్రశ్న: ఒళ్లంతా దురద పెట్టే దూలగొండి కాయల నూగు అంటుకుంటే? (పాడేరు)

జవాబు: రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. అతికే టేపును అద్ది లాగితే నూగు ఊడొస్తుంది. ఆ తర్వాత నీళ్లతో కడగండి.

ప్రశ్న: బాట మాయమైతే వాగు వెంట కిందికి దిగిపోవచ్చా? (శ్రీశైలం)

జవాబు: దిగకండి. జారుడు బండల మీదుగా వెళ్లి జలపాతం అంచున చిక్కుకుంటారు. అనుమానం రాగానే ఆగి, కచ్చితంగా తెలిసిన చివరి గుర్తు దాకా వెనక్కి రండి. ఎక్కువమంది పశువుల బాట పట్టుకునే తప్పిపోతారు. అది చీలుతూ, సన్నబడుతూ పొదల కిందికి దూరిపోతుంది. మనుషుల బాటలో రాళ్లు అరిగి నునుపు తేలతాయి, కొమ్మల మీద పాత కత్తి నరుకులు కనిపిస్తాయి. ఫోనులో మ్యాపును ఇంటి దగ్గరే దింపుకుని, మొదటి అడుగు నుంచే దారిని రికార్డు చేయండి. సిగ్నల్ లేకున్నా జీపీఎస్ పనిచేస్తుంది. చీకటి పడితే నడక మానేసి అందరూ ఒక్కచోటే ఉండి, మూడేసి ఈలలు వేస్తూ, ఆగి వింటూ ఉండండి.