శ్రీకాకుళం వైపు ఒకే ఊళ్లో ఇన్ని చర్చిలెందుకు? విశ్వాసులు ఏం చేయొచ్చు?

సగం కారణం చరిత్రే. శ్రీకాకుళం, బొబ్బిలి వైపు కెనడియన్ బాప్టిస్టులు, సాలూరు వైపు జర్మన్ లూథరన్లు పనిచేశారు. కాథలిక్కులకు 1993లో శ్రీకాకుళం డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం) ఏర్పడింది. 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయినా, బాప్టిస్టులు, లూథరన్లు బయటే ఉండిపోయారు.

బాప్తిస్మం పసిపిల్లలకివ్వాలా, విశ్వసించాక ముంచి ఇవ్వాలా అన్నది నిజమైన తేడానే, దాన్ని దాచక్కర్లేదు. నాకు కనిపించినంతలో కొత్త చీలికలు మాత్రం పాస్టర్ల పేచీలు, ఆస్తి గొడవలు, కులం వల్లే. కులం ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు! 'నేను పౌలువాణ్ణి, నేను అపొల్లోవాణ్ణి' అంటూ బోధకుల పేరిట చీలిన కొరింథు సంఘం వాళ్లను అపొస్తలుడు పౌలే మందలించాడు.

ముందు మీ సంఘం లెక్కలు అందరి ముందూ పెట్టమని అడగండి. పక్క సంఘం సభ్యులను లాక్కోవద్దు. జనవరి 18 నుంచి 25 వరకు జరిగే ఐక్యతా ప్రార్థన వారంలో కలిసి కూర్చోండి. తుపాను సాయం పంచేటప్పుడు మాత్రం ఏ చర్చి అని అడగకండి.